నూరో వంతు

1984 జులై 29, లాస్ ఏంజెలెస్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్ అప్పుడే అయిపోయింది. గోడ తాకిన ఎనిమిది మందీ నీళ్లలోంచి తలెత్తి బోర్డు వంక చూస్తున్నారు. నాన్సీ హాగ్స్‌హెడ్ పేరు పక్కన 55.92. క్యారీ స్టైన్‌సైఫర్ పేరు పక్కనా 55.92. ఇద్దరిదీ ఒకటో స్థానమే. ఒలింపిక్ ఈతపోటీల్లో ఒకే బంగారానికి ఇద్దరు హక్కుదార్లు కావడం అదే మొదలు. ఇద్దరూ అమెరికా వాళ్లే. నాన్సీ 22 ఏళ్ల కాలేజీ విద్యార్థిని, క్యారీ 16 ఏళ్ల పిల్ల.

ఇంకాస్త సన్నగా కొలిస్తే ఎవరో ఒకరు ముందుండేవారు కదా అనిపిస్తుంది. కొలవచ్చు. పన్నెండేళ్ల ముందు మ్యూనిక్‌లో కొలిచారు కూడా. 1972లో మగవాళ్ల 400 మీటర్ల మెడ్లేలో స్వీడన్ ఈతగాడు గున్నార్ లార్సన్, అమెరికా ఈతగాడు టిమ్ మెకీ నూరో వంతు దాకా సమానంగా వచ్చారు. నిర్వాహకులు వెయ్యో వంతు చూసి, 0.002 సెకన్ల తేడాతో లార్సన్‌కి బంగారం ఇచ్చేశారు. ఆ తర్వాత తట్టింది అసలు సందేహం. ఈదేవాళ్లని ఇంత సన్నగా కొలుస్తున్నాం సరే, కొలనుని అంత సన్నగా కట్టామా? 50 మీటర్ల కొలనులో లేను మూడు సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఉన్నా ఫరవాలేదని నిబంధనలే ఒప్పుకుంటాయి. 55.92 వేగంతో ఈదే మనిషి నూరో వంతు సెకనులో జరిగేది రెండు సెంటీమీటర్ల లోపు. వెయ్యో వంతులో అయితే రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటే వెయ్యో వంతులో కనబడ్డ తేడా ఈతగాడిది కాకపోవచ్చు, కొలను కట్టిన తాపీ మేస్త్రీది కావచ్చు. అందుకని రూలు మార్చారు. నూరో వంతు దగ్గర ఆగిపోవాలి. అక్కడ సమానమైతే సమానమే.

ఆ నాన్సీ, ఇప్పుడు నాన్సీ హాగ్స్‌హెడ్-మేకర్, ఆ తర్వాత చేసిన పనంతా చదువుతుంటే నాకు పదేపదే ఆ తాపీ మేస్త్రీ గుర్తొస్తాడు. ఎవరు గెలిచారని అడిగేముందు లేన్లు సమానంగా కట్టారా అని టేపు పట్టుకుని బయల్దేరే మనిషి ఆమె. ఈతలోంచి రాజకీయంలోకి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పతకాన్ని మెడలో వేసుకుని వేదికెక్కితే చాలు, జనం వింటారు. ఈమె పతకాన్ని ఇంట్లో పెట్టి లెక్కల పుస్తకం పట్టుకెళ్లింది.

ముందు ఈత సంగతి. 1962లో అయోవాలో పుట్టి, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పెరిగింది. 14 ఏళ్లకే 200 మీటర్ల బటర్‌ఫ్లైలో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానం చూసింది. 1978లో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో అదే ఈతలో రజతం తెచ్చుకుంది. ఆ రోజు ముందున్నది ట్రేసీ కాల్కిన్స్, కాబట్టి రజతాన్ని ఎవరూ చిన్నచూపు చూడలేరు.

బటర్‌ఫ్లై చూసేవాళ్లకి కన్నులపండుగ, ఈదేవాళ్లకి శిక్ష. రెండు చేతులూ ఒక్కసారే నీటిపైకి లేచి ముందుకు పడాలి. ఒక్కో బారకి రెండు కాళ్లూ జతచేసి రెండు తన్నులు తన్నాలి. ఊపిరి కోసం లేచిన తల చేతులకన్నా ముందే నీళ్లలోకి దిగిపోవాలి, అరక్షణం ఆలస్యమైతే నడుము కిందికి జారి మనిషి నిటారవుతాడు, నీరు గోడలా అడ్డుపడుతుంది. ఫ్రీస్టైల్‌లో అలిసిపోతే ఒక చెయ్యి కాస్త వదులుగా వేసి ఈడ్చుకురావచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, రెండు చేతులూ కలిసి రావాలని రూలు. 200 మీటర్లలో నాలుగో లాప్‌కి వచ్చేసరికి భుజాలు మాట వినడం మానేస్తాయి. ఆ లాప్‌లోనూ మొదటి లాప్ బారే వెయ్యగలిగినవాళ్లు గెలుస్తారు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల అది సాధించిందంటే బలం ఒక్కటే చాలదు. అలిసిన ఒంటితో కూడా తప్పు చెయ్యకుండా ఉండే ఓపిక కావాలి. తర్వాత ఆమె చట్టసభల్లో, కోర్టు కాగితాల్లో చూపించిన ఓపిక ఇదేనని నా అనుమానం.

1980లో మాస్కో ఒలింపిక్స్‌కి జట్టులో చోటు దొరికింది. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం దిగినందుకు నిరసనగా కార్టర్ ప్రభుత్వం ఆ ఆటలని బహిష్కరించింది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంట్లో కూర్చుంది. రాజకీయాన్ని ఆమె వెతుక్కుంటూ వెళ్లిందంటారు గానీ, మొదట వెతుక్కుంటూ వచ్చింది రాజకీయమే.

ఈత స్కాలర్‌షిప్ మీద డ్యూక్ యూనివర్సిటీలో చేరింది. 1981లో క్యాంపస్‌లో పరుగుకి వెళ్లినప్పుడు ఒక అపరిచితుడు ఆమె మీద దాడిచేసి అత్యాచారం చేశాడు. ఈ మాట నేను తవ్వి తీసింది కాదు, ఆమే ఎన్నో సభల్లో తన పేరుతో చెప్పుకుంది. యూనివర్సిటీ ఆ ఏడు ఆమెని పోటీల నుంచి తప్పించింది గానీ, స్కాలర్‌షిప్ మాత్రం ఆపలేదు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే తర్వాతి కథ లేదు. ఒక సంస్థ సరిగ్గా నడుచుకుంటే ఒక మనిషి ఎలా నిలబడుతుందో ఆమెకి సొంత ఒంటి మీద తెలుసు. అందుకే కాబోలు, సరిగ్గా నడుచుకోని సంస్థలని ఆమె అంత తేలిగ్గా వదలదు.

1983 మొదట్లో మళ్లీ నీళ్లలో దిగింది. పనితనం కోరేవాళ్లు ఆగి చూడాల్సింది ఇక్కడ. బటర్‌ఫ్లైతో పేరు తెచ్చుకున్న మనిషి ఒలింపిక్స్‌లో బంగారం గెలిచింది 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో. దూరం సగం, ఈత వేరు, కండరాలు ఖర్చయ్యే తీరూ వేరే. వరి పండించిన చేతులతోనే మల్లెతోట పెంచినట్టు. లాస్ ఏంజెలెస్‌లో ఆ ఉమ్మడి బంగారం కాక, రెండు రిలేల్లో రెండు బంగారాలు, 200 మీటర్ల మెడ్లేలో కాల్కిన్స్ వెనక రజతం. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో నాలుగో స్థానం. తన సొంత ఈతలోనే పతకం లేకపోవడం చిన్న వింత. రెండు రిలేల్లోనూ చివరి వంతు ఆమెదే. ఫ్రీస్టైల్ రిలేలో రెండో వంతు ఈదింది స్టైన్‌సైఫర్, అంటే బంగారం పంచుకున్న పిల్లే ఇప్పుడు అదే జట్టు.

మెచ్చుకునే వ్యాసంలోనూ ఒక నిజం దాచకూడదు. ఆ ఏడు సోవియట్ కూటమి బహిష్కరణ వల్ల తూర్పు జర్మనీ రాలేదు. అప్పటికి 100 మీటర్ల ప్రపంచ రికార్డు బార్బరా క్రౌజెది, 54.79. తూర్పు జర్మనీ వాళ్లొచ్చి ఉంటే ఫలితం మారేదేమో. అయితే తూర్పు జర్మనీ ప్రభుత్వమే తన ఈతగత్తెలకి, చిన్నపిల్లలకి కూడా, మందులు మింగించి పోటీలకి పంపిందని తర్వాత పత్రాలతో సహా బయటపడింది. కాబట్టి ఆ 54.79ని ఏ బద్దతో కొలవాలో మనకి తెలియదు. మళ్లీ తాపీ మేస్త్రీ.

ఆ ఆటల సమయంలోనే ఇంకో సంగతి తేలింది. ఆమెకి శ్రమపడితే ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోయే ఆస్తమా ఉంది. అన్నేళ్లూ ఆ ఊపిరితోనే ఈదిందన్నమాట. 1990లో ఆస్తమా ఉన్నవాళ్లు వ్యాయామం ఎలా చెయ్యాలో ఒక పుస్తకమే రాసింది. తనకి తగిలిన రాయిని పక్కకి తోసి ఊరుకోకుండా, దాన్ని అందరికీ పనికొచ్చే మైలురాయిగా పాతడం ఆమె అలవాటు.

1986లో డ్యూక్ నుంచి డిగ్రీ తీసుకుంది, రాజనీతిశాస్త్రం, స్త్రీల అధ్యయనం చదివి. 1992 నుంచి 1994 దాకా విమెన్స్ స్పోర్ట్స్ ఫౌండేషన్‌కి అధ్యక్షురాలు. తర్వాత జార్జ్‌టౌన్‌లో న్యాయశాస్త్రం, 1997లో పట్టా. కొంతకాలం ఒక పెద్ద లా ఫర్మ్‌లో పనిచేసి, 2001 నుంచి జాక్సన్‌విల్‌లోని ఒక లా కాలేజీలో పాఠాలు చెప్పింది. 2014లో చాంపియన్ విమెన్ అనే సొంత సంస్థ పెట్టింది. ఈ వరస చకచకా చెప్పేశాను. ఎందుకంటే అసలు పనితనం పదవుల్లో లేదు, ఆమె ఒక చట్టాన్ని చదివిన తీరులో ఉంది.

ఆ చట్టం టైటిల్ నైన్. 1972 జూన్ 23న నిక్సన్ సంతకం పెట్టాడు. దాని ముఖ్యమైన వాక్యం ఇంగ్లీషులో 37 మాటలు, అందులో ఆట అన్న మాటే లేదు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపి ఎవరినీ బయట నిలబెట్టకూడదని మాత్రం ఉంది. అమెరికాలో చదువుకునే మన తెలుగువాళ్ల ఆడపిల్లలకీ వర్తించేది అదే వాక్యం. ఆ చట్టం రాకముందు 1971–72లో అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే ఆడపిల్లలు 3 లక్షల లోపు, మగపిల్లలు 36 లక్షల పైన. 2018–19 నాటికి ఆడపిల్లలు 34 లక్షలు.

అంత మంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు? మా ఊరి మోటబావిలో బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లమంతా మగపిల్లలమే. అక్కలూ చెల్లెళ్లూ గట్టు మీద కూర్చుని మా బట్టలకి కాపలా. వాళ్లకి ఈతంటే ఇష్టం లేదని అప్పుడెవరైనా అన్నారో లేదో గుర్తులేదు గానీ, అడిగితే మేమందరం అదే చెప్పేవాళ్లం. అమెరికా కాలేజీలు కూడా సరిగ్గా అదే చెప్పాయి: ఆడపిల్లలకి ఆసక్తి తక్కువండీ.

కాలేజీ ఈ చట్టాన్ని పాటిస్తోందో లేదో తేల్చడానికి 1979లో ప్రభుత్వం మూడు దారులు పెట్టింది. చదివేవాళ్లలో ఆడవాళ్లెంత శాతమో ఆడేవాళ్లలోనూ దాదాపు అంత శాతం ఉండాలి. లేదా ఆడవాళ్ల ఆటలు ఏటికేడు పెంచుతూ వస్తున్నామని చూపించాలి. అదీ లేకపోతే ఉన్న ఆసక్తికంతటికీ చోటిచ్చామని రుజువు చెయ్యాలి. వీటిలో ఏ ఒక్కటి నెగ్గినా చాలు. చిత్రమేమిటంటే ఇంత తేలిక పరీక్షలో కూడా తప్పే కాలేజీలు కొల్లలు.

ఒక కాలేజీ ఊహించుకోండి. చదివేవాళ్లలో నూటికి 56 మంది ఆడవాళ్లు. ఆటగాళ్లు 600, అందులో మగవాళ్లు 350, ఆడవాళ్లు 250. వినడానికి మరీ అన్యాయంగా లేదు. ఇప్పుడు మగవాళ్లలో ఒక్కరినీ తియ్యకుండా లెక్క కట్టండి. 44 పాళ్లకి 350 అయితే 56 పాళ్లకి ఎంత? సుమారు 445. అంటే 195 మంది ఆడపిల్లలకి చోటు లేదు. కాలేజీవాళ్లు శాతాల్లో మాట్లాడతారు, ఆమె మనుషుల్లో మాట్లాడుతుంది. శాతం దగ్గర తల ఊపి వెళ్లిపోయే మనం 195 అనగానే ఆగుతాం, ఎందుకంటే 195 అంటే ఎనిమిది జట్ల మనుషులు. 1994 నాటి చట్టం ప్రకారం కాలేజీలు ఆటల లెక్కలు ఏటా ప్రభుత్వానికి పంపాలి. అవి అందరికీ తెరిచే ఉంటాయి, చదివేవాళ్లే ఉండరు. చాంపియన్ విమెన్ వాటిని కాలేజీ వారీగా విప్పి, మీ దగ్గర ఇంతమంది ఆడపిల్లలకి చోటు లేదని ఆయా కాలేజీలకే రాస్తుంది. చూడ్డానికి ఉత్త గుమాస్తా పని. నాకు మాత్రం ఆ నాలుగో లాప్ గుర్తొస్తుంది.

అంకెలు అబద్ధం ఆడవంటారు. ఆడిస్తే చక్కగా ఆడతాయి. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టుకి సాధన కోసం ఎదురాడే మగపిల్లలుంటారు. ప్రభుత్వ పట్టికలో వాళ్లని ఆడవాళ్ల జట్టు లెక్కలోనే రాస్తారు, అది నియమమే. దూరప్పరుగు ఆడే ఒకే అమ్మాయిని శరత్తులో క్రాస్‌కంట్రీ కింద ఒకసారి, చలికాలం హాలు లోపలి పరుగు కింద ఒకసారి, వసంతంలో మైదానం పరుగు కింద ఇంకోసారి లెక్కవేస్తారు. ఒక్క మనిషి, మూడు తలలు. ఈ విద్య కోర్టులో ఎంతదూరం వెళ్లిందో 2010 నాటి క్విన్నిపియాక్ కేసులో చూడొచ్చు. అది హాగ్స్‌హెడ్-మేకర్ వాదించిన కేసు కాదు, కానీ ఆమె నేర్పే చదువుకి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఆ యూనివర్సిటీ ఆడవాళ్ల వాలీబాల్ తీసేసి చీర్ జట్టుని ఆటగా చూపించబోయింది. జడ్జి పట్టికలోని ఒక్కో పేరూ విప్పి చూసి, దూరప్పరుగు అమ్మాయిలని మూడేసి చోట్ల వేసిన లెక్కలో కొన్ని చెల్లవని, ఆ చీర్ ఇంకా ఆట కాలేదని తేల్చాడు.

ఆమె మీద వచ్చే పెద్ద ఫిర్యాదు, ఈ చట్టం కుస్తీ, ఈత లాంటి మగవాళ్ల చిన్న ఆటలని మింగేస్తోందని. ఆ బాధలో నిజం లేకపోలేదు. ఒలింపియన్లని తయారుచేసిన యూసీఎల్‌ఏ మగవాళ్ల ఈతజట్టు 1994లో మూతపడింది. ఈత మనిషికి అది ఇంట్లో చావులాంటిదే. ఆర్థికవేత్త ఆండ్రూ జింబలిస్ట్‌తో కలిసి 2007లో తెచ్చిన ఈక్వల్ ప్లే పుస్తకంలోనూ, సభల్లోనూ ఆ వాదానికి ఆమె జవాబు చూపుడువేలుని పక్కకి తిప్పడం. పెద్ద కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అప్పట్లో 85 స్కాలర్‌షిప్‌లు. మైదానంలో ఒకేసారి ఆడేది పదకొండు మంది. కుస్తీవాడి అన్నం తిన్నది ఆడపిల్ల కాదు, పక్క బంతిలో మూడు విస్తళ్లు వేయించుకున్నవాడు. (విస్తళ్ల పోలిక నాది, లెక్క ఆమెది.)

ఇంకో పని గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే. ఆటల్లో కోచ్‌ల చేతుల్లో పిల్లలు పడే లైంగిక హింస గురించి ఆమె చాలా ఏళ్లుగా మాట్లాడుతూ వచ్చింది. జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ దారుణాలు బయటపడ్డాక అమెరికా చట్టసభలకి వినక తప్పలేదు. సేఫ్ స్పోర్ట్ చట్టం 2018 ఫిబ్రవరి 14న సంతకమైంది. దానికోసం ముందు నిలబడి పోరాడినవాళ్లలో ఆమె ఒకరు. ఆ చట్టంలో నాకు ముచ్చటగొలిపేది ఆవేశం లేని భాష. పిల్లలు మంచివాళ్ల మధ్య ఉండాలి లాంటి మెత్తటి మాటలు లేవు. అనుమానం వస్తే 24 గంటల్లో ఫిర్యాదు చెయ్యాలి. పిల్లతో పెద్దమనిషి ఒంటరిగా ఉండాల్సి వస్తే, మూడో మనిషి చూడగలిగేంత, అడ్డుపడగలిగేంత దూరంలో ఉండాలి. చూడగలగడం ఒక్కటీ సరిపోదని ఎవరో ఆలోచించారు. అద్దాల గదిలో తలుపు గడియ పెట్టుకున్నా చూడొచ్చు, అడ్డుపడలేం. ఆ రెండో మాట చేర్చడమే పనితనం.

ఇక 2022. ఆ ఏడు మార్చిలో అట్లాంటాలో జరిగిన కాలేజీ జాతీయ పోటీల్లో 200 గజాల ఫ్రీస్టైల్‌లో ఐదో స్థానానికి ఇద్దరు సమానంగా వచ్చారు, 1 నిమిషం 43.40 సెకన్లు. ఒకరు కెంటకీ విద్యార్థిని రైలీ గెయిన్స్, మరొకరు పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన ట్రాన్స్ మహిళ లియా థామస్. అదే నూరో వంతు రూలు, కానీ ఈసారి దేశం రెండుగా చీలింది. గెయిన్స్ ఆ తర్వాత పూర్తిస్థాయి రాజకీయ ప్రచారకురాలైంది. సభలు, టీవీ, పుస్తకం, కాలేజీ క్రీడల సంఘం మీద దావా. హాగ్స్‌హెడ్-మేకర్‌దీ ఈ విషయంలో అదే వైపు. మగ యవ్వనం దాటి వచ్చిన ఒంటికి మిగిలే లాభాన్ని హార్మోన్ల మందులు పూర్తిగా తుడిచెయ్యలేవని ఆమె వాదన. అట్లాంటా పోటీలకి ముందే, ఫిబ్రవరిలో, పెన్సిల్వేనియా జట్టులోని 16 మంది అమ్మాయిల తరఫున వాళ్ల పేర్లు బయటపడకుండా తన పేరు మీద ఉత్తరం పంపింది. ఆమె ఒకప్పుడు అధ్యక్షురాలిగా ఉన్న ఫౌండేషనే ట్రాన్స్ క్రీడాకారిణుల పక్షాన మాట్లాడింది. కాలేజీ ఆటగాళ్లు 5 లక్షల 10 వేల మందిలో ట్రాన్స్ వాళ్లు పదిమంది కూడా లేరని కాలేజీ క్రీడల సంఘం అధ్యక్షుడే 2024లో సెనేట్‌కి చెప్పాడు. ఆ పిడికెడు మందిని బయటికి నెట్టడం ఏ సమానత్వం అని వాళ్ల తరఫువాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న బరువు తక్కువేమీ కాదు. ఇక్కడ ఆమె టేపు కొలిచేది లేను పొడవుని కాదు, మనుషుల ఒళ్లని. అంతకుముందు పనిలో ఉన్న నిశ్చింత నాకిక్కడ కనిపించదు. అయినా గెయిన్స్ జనంతో మాట్లాడే తీరూ, ఈమె నిబంధనతో మాట్లాడే తీరూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే మాట చెప్పే ఇద్దరి చేతిపనిలో ఎంత తేడా ఉంటుందో తెలుస్తుంది.

శరత్తు రాగానే కాలేజీలు ఆటల లెక్కలు మళ్లీ పంపుతాయి. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ అన్న గడిలో ఒక అంకె ఉంటుంది. జాక్సన్‌విల్‌లో ఒకావిడ ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ చదువుతుంది, అందులో మగపిల్లలెంతమందో చూడ్డానికి.